నడిసముద్రంల పాచికలు

అరేయ్ దోస్త్,

ఎట్లున్నవ్‌రా, చెల్లె మోకాళ్ల నొప్పులు ఏమన్న తగ్గినయా. నీ మెసేజ్ చూసిన, డిసెంబర్ల బిడ్డకాడికి హూస్టన్ పోతున్నం, అల్లుడు గాల్వెస్టన్ రేవు నుంచి షికారు ఓడ టికెట్లు బుక్ చేసిండు, నువ్వు పోయొచ్చినవ్ గదా ఆడ ఏం చూడాలె చెప్పు అని రాసినవ్. ఫోన్ల చెప్తే సగం మర్చిపోత, అందుకే కూసోని రాస్తున్న. పొడుగైతది, ఓపికతోటి చదువు.

ఓడ సంగతి రెండు ముక్కల చెప్పేస్త. మనం పదో తరగతిల సాగర్ల లాంచి ఎక్కి నాగార్జునకొండ పోయినం చూడు, నాకు నీళ్ల మీద ప్రయాణమంటే అదొక్కటే తెలుసు, అదే యాదిల పెట్టుకోని పోయిన, పోయి చూస్తే అది ఓడ కాదురా, నిలబడ్డ ఊరు. తిండికి ఫికర్ లేదు, కూరగాయల కూరలు ఇస్తరు, కానీ మామిడికాయ తొక్కు ఒక డబ్బ బిడ్డ ఇంట్ల నింపుకోని పో. హూస్టన్ నుంచి గాల్వెస్టన్ కార్ల గంటన్నర లోపే. చలి ఉంటది, స్వెట్టర్ మరువకు. అంతే, మిగతాదంతా నీ బిడ్డ చూస్కుంటది.

ఇగ నేను నీకు చెప్పాలనుకున్నది ఓడల జూదశాల ఉంటది, కాసినో అంటరు, ఆడ ఆడే పాచికలాట గురించి. క్రాప్స్ అంటరు దాన్ని. నువ్వు ముప్పై ఏండ్లు పాలమూరుల లెక్కలు చెప్పినోనివి, నువ్వు ఆ టేబుల్ కాడ నిలబడితే ఎట్లుంటదో అని ఆ నాలుగు రాత్రులు నాకు ఒకటే ఆలోచన.

మా చిన్నాయిన సంగతి నీకు తెల్వంది కాదు. దేవరకొండ రోడ్డు మీద రెండెకరాల బత్తాయి తోట, కాపుకొచ్చిన చెట్లు, మూడుముక్కలాటల పోయినయ్. తోట పోయిన పొద్దు మా నాయినమ్మ బావి గడ్డమీద కూసోని పొద్దుగూకేదాక లేవలే, నువ్వు నేను పోయి చెయ్యి పట్టి తీస్కొచ్చినం. ఆ దినం సంది నేను పత్తాలు ముట్టలే. దీపావళికి గూడ ముట్టలే. అట్లాంటోన్ని కాసినోలకు ఎందుకు పోయినవ్‌రా అంటవ్. నిజం చెప్తున్న, ఆ మనిషిని అంత లోపలికి గుంజింది ఏందో నా కండ్లతోటి చూడాలని పోయిన. మీ వదినకు గూడ అదే చెప్పిన. ఆమె ఏమనలే, ఒక కవర్ల 200 డాలర్లు పెట్టి నా చేతికిచ్చి, కార్డు మాత్రం తన పర్సుల ఏసుకున్నది. నువ్వు గూడ గట్లనే చెయ్యి. ఓడల రూమ్ తాళం కార్డు మీదనే చిప్స్, అంటే పైసలకు బదులు ఆడే బిళ్లలు ఇస్తరు, బిల్లు ఆఖరికి వస్తది, దానికి తోడు చార్జీ గుంజుతరు, ఆ కార్డు జేబుల ఉంటే పైసలు పైసల్లెక్క కనవడవు.

ఓడ రేవుల ఉన్నంతసేపు కాసినో బంద్. దేశం నీళ్లు 12 నాటికల్ మైళ్లు అంటే మన లెక్కల 22 కిలోమీటర్లు, అవి దాటి నడిసముద్రంలకు పోయినంకనే లైట్లు వెలుగుతయ్. మొదటి రాత్రి పోయి ఊకె నిలబడి చూసిన. పైసలేసి ఆడే మిషిన్ల కాడ ఎవరికి వారే, ఒకరి మొకం ఒకరు చూడరు, సిగరెట్ పొగ. అంతల మూల నుంచి ఒకటే కేక, పది మంది ఒక్కసారి ఎగిరినట్టు. పోయి చూస్తే తొట్టి లెక్క గోడలున్న పొడుగు టేబుల్, పచ్చ బట్ట మీద గీతలు అంకెలు, చుట్టు మనుషులు భుజం భుజం ఆనించి నిలబడ్డరు. మన జాతరల్ల గొంగడి పరిచి డబ్బాల పాచికలు ఊపి బొమ్మల మీద పైసలు పెట్టిచ్చే ఆట లేదా, దాని చుట్టు జనం ఎట్ల మూగుతరో గట్ల. కానీ ఒక్కటి తేడా. ఆడ ఎవని పైసలు వానివే, ఈడ పాచికలు ఏసేది ఒకడు, గెలిస్తే సుమారుగ అందరు గెలుస్తరు.

ఆట చెప్త విను, నీకు ఐదు నిమిషాల పని. రెండు పాచికలు, 36 తీర్లు, రెండిటి అంకెలు కలిపి లెక్క. ముందుగాల పాస్ లైన్ అని ఒక గీత ఉంటది, దాని మీద చిప్ పెట్టాలె. మొదటి ఏటుకు 7 గాని 11 గాని పడితే గెలుపు. 2, 3, 12 పడితే పోయినట్టు. 4, 5, 6, 8, 9, 10 ల ఏదన్న పడితే అది పాయింట్, దాని మీద తెల్లబిళ్ల ఒకటి పెడ్తరు. ఇగ ఆట తిరగబడ్తది. అప్పటిదాక చుట్టంలెక్క ఉన్న 7 ఇప్పుడు దుష్మన్ అయితది. 7 కంటె ముందు ఆ పాయింట్ మళ్లొస్తే గెలుపు, 7 ముందొస్తే అందరిది ఊడ్సుకపోతరు, పాచికలు పక్కోని చేతికి పోతయ్. అందుకే పాయింట్ పడ్డంక టేబుల్ కాడ ఏడు అన్న మాట నోట రానియ్యద్దు. నా పక్కన టెక్సాస్ ముసలామె ఒకామె నిలబడ్డది, డెబ్బై దాటి ఉంటది, నాకు ఆట తెల్వదని కనిపెట్టి చెవుల చెప్పింది, ఆ అంకె పేరు తియ్యకు బాబూ అని. మన అమ్మలు రాత్రిపూట పాము పేరు తియ్యక పురుగు అంటరు చూడు, అచ్చం అదే.

ఇగ నీ లెక్క. 7 ఆరు తీర్ల పడ్తది. 6 ఐదు తీర్లు, 8 ఐదు తీర్లు. 5, 9 నాలుగేసి. 4, 10 మూడేసి. అంతా ఈ తీర్ల మీదనే నిలబడ్డది. పాస్ లైన్ మీద 495 సార్లు ఆడితే లెక్క ప్రకారం 244 గెలుపులు, 251 ఓటములు. అంటే 100 డాలర్లు పెడితే కాసినోకు మిగిలేది 1 డాలర్ 41 సెంట్లు. గోలీ ఏసి తిప్పే, రెండు సున్నాలున్న రౌలెట్ చక్రం కాడ అదే 100 కు 5 డాలర్ల 26 సెంట్లు. ఇంకా పాయింట్ పడ్డంక మన చిప్ వెనక ఆడ్స్ అని కొన్ని చిప్స్ పెట్టనిస్తరు. బట్ట మీద దానికి గీత గూడ ఉండది, అడిగినోనికే తెలుస్తది. దాని మీద కాసినోకు ఒక్క పైస మిగలదురా. పాయింట్ 6 గాని 8 గాని అయితే ఐదుకు ఆరు ఇస్తరు, 5, 9 కి రెండుకు మూడు, 4, 10 కి ఒకటికి రెండు. నువ్వే ఏసి చూడు, తీర్లు ఎన్నో ఇచ్చేది సరిగ్గ అంతే. ఒక జూదపు టేబుల్ మీద ఇంత నిఖార్సైన బేరం ఉంటదని నేను అనుకోలే. నేను పోయిన ఓడల పాస్ లైన్‌కు రెండింతలదాకనే ఆడ్స్ పెట్టనిచ్చిండ్రు, ఒక్కో ఓడల ఒక్కో తీరు, పోంగనే టేబుల్ నడిపే డీలర్ను అడుగు.

టేబుల్ నడుమ మాత్రం రంగురంగుల గళ్లుంటయ్, ఒకటికి నాలుగు, ఒకటికి తొమ్మిది అని రాసి ఉంటది. వాటి దిక్కు చూడకు. వచ్చే ఏటుకే 7 పడ్తది అని పెడితే ఒకటికి నాలుగు ఇస్తరు, కానీ న్యాయంగ ఐదు ఇయ్యాలె, అంటే 100 ల 16 డాలర్లు పైన వాళ్లకే. ఒక పొల్లగాడు, మనోళ్లే అనిపించింది, రెండో రాత్రి అన్ని నడుమ గళ్లల్లనే పెట్టుకుంట పోయిండు, అర్ధగంటల ఖాళీ చేతులతోటి పోయిండు. వాని ఎనకవడి పోయి చెప్పాలనిపించింది, చెప్పలే, ఇప్పటికి మనసుల గుచ్చుకుంటది.

ఇంకోటి నేను మోసపోయింది. 6 మీద విడిగ గూడ పెట్టొచ్చు, దానికి ఆరుకు ఏడు ఇస్తరు. నాకు తెల్వక 10 డాలర్లు పెట్టిన, గెలిస్తే 11 ఇచ్చిండ్రు. లెక్క ప్రకారం పదకొండున్నర పైన రావాలె, చిల్లర వాళ్లకే. మూడుసార్లు గట్లనే ఇచ్చిండ్రు, ఒక్కరు గూడ 12 పెట్టవయ్యా అని చెప్పలే. మళ్ల ఆ ముసలామెనే చెప్పింది, 12 పెడితే 14 వస్తయ్ అని. నువ్వు 6, 8 మీద ఎప్పుడు పెట్టినా ఆరు లెక్కన పెట్టు.

మూడో రాత్రి నా వంతు వచ్చింది. కర్రతోటి పాచికలు జరిపే టేబులాయన ఐదు పాచికలు నా ముందుకు తోసిండు, ఎర్రగ, గాజు లెక్క లోపల దాక కనవడ్తయ్, అంచులు కోసుకుపోయేటంత పదును, ఒక్కోదాని మీద సన్నటి నంబర్ ఉంటది. రెండు తీస్కోవాలె, ఒక్క చేతితోటే, రెండో చెయ్యి తాకితే ఊకోరు. ఏస్తే అవతలి గోడకు తగిలి తిరిగి రావాలె. మొదటిసారి జోరుగ ఏసిన, ఒకటి టేబుల్ దాటి కిందవడ్డది. అందరు మళ్ల అదే పాచిక ఇయ్యిండ్రని మొత్తుకున్నరు, కొత్తది తీస్కుంటే కలిసిరాదని వాళ్ల నమ్మకం. ఒకాయన తెచ్చి, టేబుల్ నడుమ కూసున్న పెద్దాయనకు ఇచ్చిండు, ఆయన దీపం కాడ తిప్పి తిప్పి చూసినంకనే నా దగ్గరకొచ్చింది.

11 పడ్డది. గెలిచిన. మళ్ల ఏసిన, 6. పాయింట్. పాస్ లైన్ మీద 10, వెనక 20 ఆడ్స్ పెట్టిన. ఇగ చూడు, 8, 4, 9, 5, 10, మళ్ల 8. ఒక్కో ఏటుకు ఎవరో ఒకరికి పైసలొస్తున్నయ్, నాకేం రాలే, కానీ నా పేరు తెల్వనోళ్లు, నా భాష రానోళ్లు, నా చెయ్యి దిక్కు చూస్తున్నరు. ముసలామె తన చిప్స్ మీద అరచెయ్యి ఆనించి కండ్లు మూసుకున్నది. ఓడ జరంత ఊగింది, కాళ్ల కింద తెలిసింది. ఏసిన. నాలుగు రెండు. ఆరు! ఆ కేక నువ్వు వినాలెరా, అటు నుంచి ఎవడో నా భుజం మీద చరిసిండు, ముసలామె నన్ను గట్టిగ పట్టుకున్నది. లైన్ మీద 10, ఆడ్స్ మీద 24, మొత్తం 34 డాలర్లు నా ముందు పెట్టిండ్రు. నా గుండె చప్పుడు నాకే ఇనవడ్తున్నది.

గప్పుడు చిన్నాయిన సమజైండు నాకు. నలభై ఏండ్ల సంది పైసలకు ఆశపడి తోట పోగొట్టిండని అనుకున్న. కాదురా. పొద్దంత ఒక్కడే చెట్లకు నీళ్లు పెట్టుకుంట ఉండేటోడు, మాపటికి పది మంది నడుమ కూసుంటే ముక్క తిప్పినప్పుడల్ల అందరు ఆయన చెయ్యి దిక్కే చూసేటోళ్లు. ఆ చూపు కోసం పోయిండు. తోట పోవుడు తప్పే, మా నాయినమ్మ కన్నీళ్లు మరువ, కానీ ఆయన మీద ఇంతకాలం పెట్టుకున్న కోపం ఆ రాత్రి నా చేతుల నుంచి జారిపోయింది.

రూమ్‌కు వచ్చినంక చదివిన, ఈ ఆట యూరప్‌ల హజార్డ్ అని పాతదట, న్యూ ఓర్లీన్స్‌ల దిగి ఆడినుంచి అమెరికంత పాకింది. ఆ ఊరు గూడ మా ఓడ పోయిన మెక్సికో గల్ఫ్ ఒడ్డుదిక్కే. బెర్నార్డ్ మారిన్యీ అని భూస్వామి ఒకాయన ఈ ఆటను ఆ ఊరోళ్లకు మప్పిండంటరు, తన తోటను ప్లాట్లు చేసి అమ్మిండు, ఒక వీధికి ఈ ఆట పేరే పెట్టిండు, 1868ల పోయేనాటికి చేతిల ఏం మిగలలే. చదివి చానాసేపు నిద్ర పట్టలే. ఇంకో ముచ్చట, 2009ల అట్లాంటిక్ సిటీల ఒకామె 7 పడి వంతు పోకుండ 154 ఏట్లు ఏసిందట, 4 గంటల 18 నిమిషాలు! సగటున ఒక్కో మనిషి వంతు ఎనిమిది తొమ్మిది ఏట్లే. నా వంతు పదమూడో ఏటుకు అయిపోయింది, పాయింట్ 9 మీద ఉండంగ ఏడు పడ్డది. అయినా అందరు చప్పట్లు కొట్టిండ్రు.

నాలుగు రాత్రులకు కలిపి కవర్ల 135 డాలర్లు మిగిలినయ్. 65 పోయినయ్. మీ వదిన లెక్కపెట్టి మళ్ల పర్సుల పెట్టుకున్నది.

నీకోసం ఓడ దుకాణంల ఒక జత పాచికలు కొన్న, టేబుల్ మీద వాడి తీసేసినవే, మళ్ల వాడకుండ వాటి మీద గుర్తు కొట్టి అమ్ముతరు. ఆదివారం పాలమూరు బస్సెక్కి నల్లగొండ రా, చెల్లెను గూడ తీస్కొనిరా, మీ వదిన నాటుకోడి కూర వండుతనన్నది. మంచం మీద బొంత పరిచి అటు కొసకు దిండు నిలబెడ్త, గోడకు బదులు. చిప్స్‌కు చింతగింజలు ఉన్నయ్ ఒక డబ్బెడు. ముందుగాల పాస్ లైన్, వెనక ఆడ్స్, 6 మీద ఆరు గింజలు, ఇవి నేర్సుకోనే ఓడెక్కాలె నువ్వు. బస్సెక్కంగనే ఫోన్ చెయ్, స్టాండ్ కాడికి వస్త.

నీ దోస్తు