బొకేలోని గులాబీ మొక్కవుతుందా? మా షాపు నుంచి ఉన్నదున్నట్టుగా

మా దగ్గర బొకేలు తీసుకునేవాళ్లు ఈమధ్య తరచుగా అడుగుతున్న మాట ఒకటుంది. "వాడిపోయాక కాడల్ని నాటాం, ఒక్కటీ బతకలేదు. మళ్లీ మొలవకుండా మీరేమైనా మందు పెడతారా?" అని. అడిగినవాళ్లకల్లా విడివిడిగా చెబుతూ వస్తున్నాను. అందరికీ పనికొచ్చే విషయమే కాబట్టి ఇక్కడ ఒకేసారి రాస్తున్నాను. కొంచెం వ్యాపార రహస్యంలా అనిపించే సంగతులు కూడా ఉంటాయి, ఫర్వాలేదు.

మందు సంగతి ముందు. షాపులో మేం అలాంటిదేమీ పెట్టం. బొకేతో ఇచ్చే చిన్న పొట్లంలో ఉండేది చక్కెర, నీటిని కాస్త పుల్లగా మార్చే ఆమ్లం, బ్యాక్టీరియా పెరగకుండా చూసే పదార్థం. పువ్వు నాలుగు రోజులు ఎక్కువ నిలవడానికే అది. అయితే మీ అనుమానం మరీ గాలిలోంచి పుట్టింది కాదు. తెగుళ్లు, పురుగులు తమ దేశంలోకి రాకూడదని ఆస్ట్రేలియా గట్టి నిబంధన పెట్టుకుంది. బయటి నుంచి వచ్చే గులాబీ కాడల్ని గ్లైఫోసేట్ అనే కలుపు మందులో ముంచి, మొలకెత్తే శక్తి పోయాకే లోపలికి రానిస్తుంది. అలాంటి కాడను ఎంత ముద్దుగా చూసుకున్నా వేళ్లు రావు. మిగతా చోట్ల సాధారణంగా ఆ పని చేయరు. తోటల్లో బూజు పట్టకుండా శిలీంధ్రనాశని వాడటం మాత్రం మామూలే. అందుకే బొకే గులాబీ రేకుల్ని తినే వాటిలో వాడొద్దని, కాడలు కోశాక చేతులు కడుక్కోమని చెబుతుంటాను.

మరి ఎందుకు బతకట్లేదంటే, మీ చేతికి వచ్చేసరికే ఆ కాడ చాలా అలసిపోయి ఉంటుంది. మొగ్గగా ఉన్నప్పుడే గ్రీన్‌హౌస్‌లో కోస్తారు. కొన్ని డిగ్రీల చలిలో నిల్వ ఉంచుతారు. నీళ్లు లేకుండా పెట్టెల్లో ప్రయాణం చేయిస్తారు. ఆపైన షాపులో కొన్నాళ్లు, మీ ఇంట్లో కొన్నాళ్లు. కొత్త వేళ్లు పుట్టాలంటే కాడలో పిండిపదార్థం నిల్వ ఉండాలి. మొగ్గ విచ్చుకుంటూ ఆ నిల్వనే తినేస్తుంది. వారం రోజులు మీ బల్ల మీద నిండుగా పూసి రేకులు రాల్చిన కాడ అంటే నెలాఖరు పర్సు లాంటిది, వెతికినా ఏమీ దొరకదు. మనం నాటుతున్నది సరిగ్గా ఆ కాడనే.

కాబట్టి నా సలహా ఒక్కటే. ఒకే కాడ నుంచి పువ్వూ మొక్కా రెండూ ఆశించకండి. మొక్క కావాలనుకుంటే బొకే అందిన రోజే ఒకటి రెండు కాడల్ని పక్కకు తీయండి. పువ్వును పొట్టి కాడతో కోసి చిన్న గిన్నెలో నీళ్లు పోసి పెట్టుకోండి. అలా కూడా అందంగానే ఉంటుంది, త్వరగా వాడిపోదు కూడా. కింద మిగిలిన పొడవు కాడ నాటడానికి. మిగతా బొకేని మామూలుగా అనుభవించండి.

ఏ కాడ తీయాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. పెన్సిల్ లావు ఉండాలి. వంచితే మెత్తగా వాలిపోయేంత లేతది వద్దు, గోధుమ రంగుకు తిరిగిన ముదురుదీ వద్దు. ముల్లును వేలితో పక్కకు నెట్టి చూడండి. టక్కున శుభ్రంగా ఊడొస్తే కాడ సరైన ముదురులో ఉన్నట్టే. ఐదు చిన్నాకులుండే ఆకు దగ్గర, కణుపులో మొగ్గ కాస్త ఉబ్బెత్తుగా కనిపిస్తే ఇంకా మంచిది. కింది చివర నల్లబడి ఉన్నా, జిగురుగా ఉన్నా ఆశ వదిలేయండి.

నీలం గులాబీలు, ఒకే పువ్వులో ఏడు రంగులవి అడిగేవాళ్లకు ఒక మాట. అవి రంగునీళ్లు పీల్పించినవో, పైన స్ప్రే చేసినవో. ఒకవేళ ఆ కాడ బతికినా పూసేది తెల్లగానో, దాని అసలు రంగులోనో. నీలానికి కావలసిన డెల్ఫినిడిన్ అనే వర్ణకం గులాబీలో సహజంగా తయారవదు. జపాన్ కంపెనీ సంటోరీ జన్యుమార్పిడి చేసి 2009లో 'అప్లాజ్' పేరుతో ఒక రకాన్ని మార్కెట్లోకి తెచ్చింది కానీ, అది కూడా చూడటానికి లేత ఊదా రంగే.

ఇక నాటే పద్ధతి. కాడను 15 నుంచి 20 సెంటీమీటర్ల ముక్కగా, కనీసం మూడు కణుపులు ఉండేలా కోయండి. కత్తెరను ముందు స్పిరిట్‌తో తుడవండి. కింది కోత కణుపుకు సరిగ్గా కింద ఏటవాలుగా, పై కోత కణుపుకు అర సెంటీమీటరు పైన అడ్డంగా. ఏది కింద ఏది పైన అన్నది తికమక పడితే పని చెడుతుంది, కోత ఆకారాన్ని బట్టి గుర్తుపెట్టుకోవచ్చు. పైన ఒక ఆకు, మహా అయితే రెండు ఉంచి మిగతావి తీసేయండి. ఆకులన్నీ పీకేయొద్దు. వేళ్లను పుట్టించే ఆక్సిన్ అనే హార్మోను చిగురులోనూ ఆకుల్లోనూ తయారై కిందికి దిగి కోత దగ్గర చేరుతుంది. అలాగని ఎక్కువ ఆకులు ఉంచితే వాటి ద్వారా నీరు ఆవిరైపోయి కాడ ఎండుతుంది.

కింది చివర ఒక పక్క రెండు సెంటీమీటర్ల మేర పైతోలు పలచగా గీకండి. వేళ్లు పుట్టేది ఆ తోలు కింది పొర దగ్గరే. రూటింగ్ హార్మోన్ పొడి దొరికితే అద్దండి, ఎక్కువైంది దులిపేయండి. పొడి ఎంత ఎక్కువైతే అంత మేలనుకోవద్దు, మోతాదు మించితే కాడకే నష్టం. డబ్బా మీద ఐబీఏ అని ఉందో లేదో చూసుకోండి. అది ఆక్సిన్ రకానికి చెందినదే.

తేనె, దాల్చినచెక్క, కలబంద గుజ్జు గురించి చాలామంది అడుగుతారు. ఇవి బూజును కాస్త అదుపు చేస్తాయేమో గానీ, హార్మోన్ చేసే పనికి బదులుగా వాటిని నమ్ముకోలేం. బంగాళాదుంపలో గుచ్చి నాటే వీడియోలైతే చూసీ చూసీ విసుగొచ్చింది. దుంప కుళ్లుతుంది, దాంతోపాటు కాడా కుళ్లుతుంది. ఒక్కోసారి బంగాళాదుంప మొక్కే లేచి వస్తుంది! వట్టి నీళ్ల గ్లాసులో పెట్టడం కూడా గులాబీకి అంతగా నప్పదు. కదలని నీళ్లలో ప్రాణవాయువు తక్కువ, బ్యాక్టీరియా ఎక్కువ. వేళ్లు రాకముందే కాడ నల్లబడుతుంది.

నాటడానికి కోకోపీట్ (కొబ్బరి పొట్టు) సగం, పెర్లైట్ అనే తేలికైన తెల్లటి గుళికలు గానీ ముతక ఇసుక గానీ సగం కలిపితే చాలు. తోటమట్టి వద్దు, ఎరువు అసలే వద్దు. వేళ్లే లేని కాడకు ఎరువుతో పనేముంది? అడుగున చిల్లులు పెట్టిన, లోపల ఏం జరుగుతోందో కనిపించే ప్లాస్టిక్ గ్లాసు అయితే బాగుంటుంది. ముందు పుల్లతో గుంత చేసి అందులో కాడను దించండి. నేరుగా గుచ్చితే అద్దిన పొడి అంతా పైనే రాలిపోతుంది. సగం కాడ లోపలికి వెళ్లాలి. నీళ్లు పోసి, అడుగు కోసిన సీసానో పారదర్శకమైన కవరో బోర్లించండి. వెలుతురు బాగా ఉండాలి కానీ నేరుగా ఎండ తగలకూడదు. ఎండలో పెడితే ఆ కవరు లోపల కాడ ఉడికిపోతుంది. 20 నుంచి 25 డిగ్రీల వేడి అయితే సరిపోతుంది. రోజుకొకసారి మూత తీసి గాలి తగలనివ్వండి.

తర్వాత చేయాల్సింది ఓపిక పట్టడం, అదే చాలామందికి కష్టం. పది రోజులకే చిగురొచ్చిందని సంబరంగా ఫొటోలు పెడతారు. పాపం, చెప్పాలనిపించదు కానీ చిగురు వస్తే వేళ్లు వచ్చినట్టు కాదు. కాడలో మిగిలిన నిల్వతోనే మొగ్గ విచ్చుకుంటుంది. వేళ్లు లేకపోతే ఆ చిగురే తలవాల్చేస్తుంది. ఆకులు పసుపురంగుకు తిరిగి రాలినా కంగారుపడొద్దు, కాడ పచ్చగా ఉన్నంతవరకు అవకాశం ఉన్నట్టే. కింది నుంచి నలుపు పైకి పాకుతుంటే అయిపోయినట్టు, తీసేసి పక్క కాడల్ని కాపాడుకోండి. పీకి చూడొద్దు. అన్నీ కుదిరితే 4 నుంచి 8 వారాల్లో గ్లాసు గోడ వెంట తెల్లటి వేళ్లు కనిపిస్తాయి. అప్పుడు కూడా మూత ఒక్కసారిగా తీసేయకుండా వారం రోజులపాటు కొంచెం కొంచెంగా బయటి గాలికి అలవాటు చేయండి.

బతికిన మొక్క గురించీ నిజం చెప్పాలి. బొకేలో చూసిన మీటరు కాడ, పిడికెడు మొగ్గ మీ కుండీలో వస్తాయనుకోవద్దు. ఆ రకాల్ని గ్రీన్‌హౌస్ కోసం, పొడవు కాడ కోసం, ఎక్కువ రోజులు నిలవడం కోసం పెంచారు. వాసన, రోగాల్ని తట్టుకునే గుణం చాలాసార్లు వెనకబడిపోయాయి. పైగా తోటల్లో వాటిని తరచూ వేరే గట్టి వేరుమొక్క మీద అంటుకట్టి పెంచుతారు. మీది సొంత వేళ్ల మీద నిలబడాలి. బయట పెడితే నల్లమచ్చ తెగులు, బూడిద తెగులు త్వరగా పలకరిస్తాయి. రోజుకు ఆరు గంటల ఎండ ఇవ్వండి, ఆకుల మీద కాకుండా మొక్క మొదలు దగ్గర నీళ్లు పోయండి, మొదటి మొగ్గల్ని గిల్లేయండి. గిల్లడానికి మనసొప్పదు, తెలుసు.

"మరైతే మీరే ఇలా మొక్కలు చేసి అమ్మొచ్చుగా?" అన్నవాళ్లూ ఉన్నారు. అమ్మం. కొత్త గులాబీ రకాల్లో చాలావాటి మీద పెంపకందారులకు హక్కులుంటాయి. అమెరికాలో మొట్టమొదటి మొక్కల పేటెంటు 1931లో ఇచ్చింది 'న్యూ డాన్' అనే తీగ గులాబీకే. పెంపకందారుల హక్కులపై 1961లో అంతర్జాతీయ ఒప్పందం కూడా కుదిరింది. ఇంట్లో సొంతానికి, అమ్మకానికి కాకుండా పెంచుకోవడాన్ని చాలా దేశాల చట్టాలు మినహాయిస్తాయి. అమెరికా మొక్కల పేటెంట్లలో మాత్రం ఆ వెసులుబాటు లేదు. అమ్మకం అన్నది ఎక్కడైనా వేరే సంగతి. మేం పూలు అమ్మేవాళ్లం, అంతవరకే ఉంటాం. 'బొకే నుంచి మొక్క' అని కిట్లు పెట్టి అమ్మమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. గ్లాసు, కోకోపీట్, ఇంత పొడి కలిపి పెట్టె కడితే బాగానే పోతుందని తెలుసు. ఎక్కువమంది చేతిలో విఫలమయ్యేదాన్ని రంగు పెట్టెలో పెట్టి ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

మా చేతిలో ఉన్నది మాత్రం చేస్తాం. మామూలుగా బొకే కట్టేముందు ముళ్లు, కింది ఆకులు గీకేస్తాం. గుచ్చుకోకూడదు కదా. ఆ గీకుడులో కాడ తోలు లేచిపోయి బూజుకు దారి దొరుకుతుంది. ఇకమీదట అడిగినవాళ్లకు ముళ్లు, ఆకులు తీయని కాడలు ఒకటి రెండు విడిగా కట్టి ఇస్తాం, అవి షాపుకు ఏ రోజు వచ్చాయో కూడా చెబుతాం. దీనికి అదనపు డబ్బు లేదు. వేళ్లు రాకపోతే మాత్రం పూచీ మాది కాదు, పువ్వు తాజాదనానికి మాత్రమే మాది.

ఊరికే ఓ కాడ నాటి చూద్దాం అనుకునేవాళ్లు గులాబీతో కాకుండా బొకేలోని చామంతి, కార్నేషన్ కాడలతో మొదలుపెట్టండి. పువ్వు లేని పక్కకొమ్మ దొరికితే ఇంకా సులువుగా వేళ్లు తొడుగుతాయి. జెర్బెరా జోలికి పోవద్దు. దాని కాడకు కణుపులే ఉండవు కాబట్టి చిగురు వచ్చే చోటే లేదు.

నాటడానికి కాడలు కావాలంటే ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పండి. బొకే కట్టాక అడిగితే అప్పటికే ముళ్లు గీకేసి ఉంటాం.