చప్పుడు చేయని కారుకు కాస్త శ్రుతి కావాలి

సంపాదకులకు నమస్కారం.

నేను విజయనగరంలో ఇళ్లకు వెళ్లి వీణ నేర్పుతాను. రెండేళ్ల కిందటి వరకూ ఆటోలో వెళ్లేదాన్ని. వీణను ఒళ్లో అడ్డంగా పెట్టుకుంటే దాని చివరన చెక్కిన యాళి (సింహంలాంటి మృగం) తల బయటికి పొడుచుకు వచ్చేది. గుంత వచ్చినప్పుడల్లా నా ప్రాణం వీణ మెట్ల మీదే ఉండేది. తీగల కింద వరుసగా ఉండే ఈ మెట్లను మైనంలో కూర్చోబెడతారు, ఒక్కటి కదిలినా స్వరం తప్పుతుంది. పైగా నాది బొబ్బిలి వీణ, ఒకే పనస దుంగలో తొలిచినది. దాన్ని ఆటోలో తిప్పుతున్నానని తెలిస్తే మా గురువుగారు నన్ను గడప తొక్కనిచ్చేవారు కారు.

అందుకే ఒక చిన్న విద్యుత్ కారు కొన్నాను. వెనక సీటు వాలిస్తే, బొంతలో చుట్టిన వీణ హాయిగా పడుకుంటుంది. రోజుకు నేను తిరిగేది పది పన్నెండు కిలోమీటర్లు. వారానికోసారి రాత్రి పూట గేటు పక్కన పెట్టించిన పెద్ద ప్లగ్గుకు తగిలిస్తే సరిపోతుంది. సాయంత్రం మూడు లాంతర్ల నుంచి గంటస్తంభం వైపు అడుగడుగునా ఆగే రద్దీలో క్లచ్చు తొక్కే పని లేదు. ఆగినంతసేపూ మోటారు ఊరికే తిరగదు, వేగం తగ్గించినప్పుడల్లా కొంత కరెంటు తిరిగి బ్యాటరీకి చేరుతుంది. ఎండలో నిలిపితే లోపల మైనం మెత్తబడుతుంది కనుక నీడ వెతుక్కోవాలి. అది ఏ కారుకైనా తప్పదు.

నా బాధ వేరు. ఈ కారు బొత్తిగా చప్పుడు చేయదు.

సంగీతం చెప్పుకునే మనిషి నిశ్శబ్దం మీద ఫిర్యాదు చేయడం విడ్డూరమేనని తెలుసు. కానీ మన మార్కెట్ వీధుల్లో జనం చెవులతో నడుస్తారు. కాలిబాట మీద తోపుడు బండ్లు ఉంటాయి కనుక అందరి నడకా రోడ్డు మీదే. వెనక ఆటో చప్పుడు వినిపిస్తే తల తిప్పకుండానే పక్కకు జరుగుతారు. నా కారు వచ్చిన సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. కిందటి కార్తీకంలో ఒక పెద్దాయన భుజాన అరటి గెల పెట్టుకుని నడుస్తున్నారు. హారన్ కొట్టడం ఇష్టం లేక ఆయన వెనకే నడక వేగంతో వెళ్లాను. ఆయన ఉన్నట్టుండి పక్క దుకాణం వైపు తిరిగారు, గెల వచ్చి నా కారు అద్దానికి తగిలింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. "ఎంతసేపటి నుంచి వెనక ఉన్నావమ్మా? ఒక్క మాట చెప్పకూడదా?" అన్నారాయన. చెప్పడానికి నా దగ్గర ఉన్నది హారన్ ఒక్కటే. అది చెప్పదు, కసురుతుంది.

పైగా ఈ మోటార్లు నిలిచిన చోటు నుంచే పూర్తి బలంతో లాగుతాయి. పెడలు మీద కాలు కాస్త గట్టిగా పడితే కారు దూకుతుంది. చప్పుడు లేకుండా వచ్చి, దూకగలిగిన బండిని సందుల్లోకి పంపుతున్నాం.

ఐరోపా సమాఖ్య దేశాల్లో 2021 జూలై నుంచి అమ్మే ప్రతి కొత్త విద్యుత్ కారూ గంటకు 20 కిలోమీటర్ల వేగం దాటే వరకూ, వెనక్కి వచ్చేటప్పుడూ ఒక శబ్దం చేయాలని నిబంధన ఉంది. అంతకు మించిన వేగంలో టైర్ల చప్పుడే వినిపిస్తుంది. వేగం మారుతుంటే ఆ శబ్దం శ్రుతి కూడా మారాలట. చదివి ముచ్చటపడ్డాను. ఇదే సంగతి నాకు కారు అమ్మినవారిని అడిగితే, "నిశ్శబ్దమే కదండీ దీని గొప్ప" అన్నారు.

రవాణా శాఖకు నా విన్నపం ఇది. ఇలాంటి శబ్దం పెట్టడం తయారీదారుల ఇష్టానికి వదలకండి. ఖరీదైన పెద్ద కార్లకంటే ముందు చిన్నవాటికే పెట్టించండి, సందుల్లో దూరేవి అవే. దయచేసి సినిమా బాణీలు మాత్రం వద్దు. వెనక్కి వస్తూ పాటలు మోగించే కార్లు మా వీధిలో ఇప్పటికే మూడున్నాయి. తంబురాలాంటి ఒక్క నాదం చాలు.

నా శిష్యుల్లో ఒక అమ్మాయికి చూపు లేదు. ఆటోలో వెళ్లే రోజుల్లో నేను వీధి మలుపు తిరగగానే గుర్తుపట్టి, చాప పరిచి కూర్చునేది. కారు కొన్న వారానికి, "టీచరు గారూ, మీరు చెప్పులు విప్పే దాకా వచ్చినట్టే తెలియడం లేదు" అంది. అప్పటి నుంచి ఆ మలుపు దగ్గర కారు అద్దం దించి, గొంతెత్తి షడ్జమం, అంటే ‘స’ స్వరం, పట్టుకుని వెళుతున్నాను. చుట్టుపక్కల వాళ్లు ఏమనుకుంటున్నారో ఇంతవరకూ అడగలేదు.

– ఒక వీణ ఉపాధ్యాయిని,
కొత్తపేట, విజయనగరం