గీతను కాదురా, గీత కింద ఉన్నదాన్ని దిద్దాలి

ఒరేయ్ రఘూ,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలు దాటింది. తిట్టుకో, పడతాను. అమ్మ మోకాలు నెమ్మదించింది, చెల్లి పెళ్ళిచూపులు మళ్ళీ వాయిదా, ఇక్కడ ఒకటే ముసురు. అయ్యాయి కబుర్లు. అసలు సంగతికొస్తా. మెదడు స్కాన్‌లు కొలిచే ఫ్రీసర్ఫర్ సాఫ్ట్‌వేర్ గురించి నీ ఉత్తరంలో ఆ ఒక్క వాక్యం చదివినప్పటినుంచీ నాకు ఊపిరాడట్లేదు: "ఫ్రీవ్యూలో ఎర్రగీత మెదడు దాటి బయటికి పోయింది, మౌస్‌తో ఎంత లాగినా కదలదు, సాఫ్ట్‌వేర్ పాడైందేమో."

పాడవలేదురా నాయనా! అది లాగితే కదిలే గీత కాదు. 14వ నంబర్ గది గోడ గుర్తుందా? ఎన్నిసార్లు సున్నం కొట్టినా మచ్చ మళ్ళీ మళ్ళీ తేలేది. నీళ్ళు కారేది పైన, మనం సున్నం కొట్టేది కింద. ఇదీ అంతే. గీత ఫలితం మాత్రమే, తప్పు దాని వెనక ఇంకెక్కడో ఉంటుంది.

ఇంకోటి. ఉత్తరంలో ఇంగ్లీషు అక్షరానికి రూపాయి జరిమానా అన్న పందెం నా వైపు నుంచి ఇంకా నడుస్తోంది (నువ్వు 46 బాకీ, మర్చిపోకు). అందుకని ఫైలు పేర్లు, ఆప్షన్లు అన్నీ తెలుగులోనే రాస్తున్నా. టైపు చేసేటప్పుడు నువ్వే ఇంగ్లీషు చేసుకుని, ప్రతి ఆప్షన్ ముందు హైఫన్ పెట్టుకో.

ఇప్పుడు విను. బోస్టన్‌లో మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వాళ్ళ మార్టినోస్ సెంటర్‌లో పుట్టిన ఫ్రీసర్ఫర్‌లో రెండు పనులున్నాయి. లెక్క కట్టేది రీకాన్-ఆల్. చూపించేది, దిద్దుకోనిచ్చేది ఫ్రీవ్యూ. నువ్వు రెండో దానిలో కూర్చుని మొదటిదాని తప్పు లాగుతున్నావు. రీకాన్-ఆల్ ఏం చేస్తుందంటే, నీ టీ1 స్కాన్‌ను (టీ1 అంటే ఎమ్మారైలో ఒక రకం బొమ్మ) ఒక్కో మిల్లీమీటరు వోక్సెళ్ళుగా, అంటే బుల్లి ఘనపు గడులుగా, 256 × 256 × 256 పెట్టెలో సర్దుతుంది. అంటే 1,67,77,216 గడులు. వెలుతురు ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ లేకుండా సమం చేస్తుంది. పుర్రె ఒలుస్తుంది. మెదడు లోపలి భాగమైన వైట్ మ్యాటర్ వేరు చేసి, దాని అంచు మీద వల అల్లుతుంది, అది వైట్ సర్ఫేస్. ఆ వలనే బయటికి ఉబ్బిస్తూ పోయి దాని పైనుండే గ్రే మ్యాటర్ పొర (అదే కార్టెక్స్) బయటి అంచు దగ్గర ఆపుతుంది, అది పయల్. నీ ఎర్రగీత ఆ పయల్ వలను స్లైసు కోసినచోట కనిపించే అంచు, అంతే. పసుపుగీత వైట్ వలది. దాన్ని లాగడమంటే నీడను పట్టుకుని మనిషిని ఈడ్చడం!

అసలు ఈ మాట రాద్దామనే కూర్చున్నా. బ్రష్ పట్టుకునేముందు ఒకటే ప్రశ్న వేసుకో: ఈ తప్పు ఏ మెట్టు దగ్గర పుట్టింది? ఆ మెట్టుకో ఫైలుంటుంది. ఫైలు దిద్దు, అక్కణ్ణించి కిందికి మళ్ళీ నడిపించు, గీత దానంతట అదే సర్దుకుంటుంది.

నీ కేసు చూద్దాం. ఎర్రగీత బయటికి ఉబ్బింది, పసుపుగీత సరిగ్గానే ఉంది అన్నావు. నూటికి తొంభై పాళ్ళు అది డ్యూరా. మెదడు మీద తోలులాంటి ఆ పొర టీ1లో గ్రే మ్యాటర్‌కి దగ్గరదగ్గరి వెలుగులో ఉంటుంది. పుర్రె ఒలిచేటప్పుడు మిగిలిపోతే, ఉబ్బుతూ వచ్చిన వల "ఇదీ కార్టెక్సే" అనుకుని దాన్నీ మింగేస్తుంది. కాబట్టి దిద్దాల్సింది బ్రెయిన్‌మాస్క్ ఎమ్‌జీజెడ్, అంటే పుర్రె ఒలిచాక మిగిలిన బొమ్మ ఉండే ఫైలు.

ఎలాగంటే, ఫైల్ మెనూలో లోడ్ వాల్యూమ్ నుంచి ముందు టీ1, దానిమీద బ్రెయిన్‌మాస్క్ తెరువు. లోడ్ సర్ఫేస్ నుంచి ఎల్‌హెచ్ (ఎడమ సగం), ఆర్‌హెచ్ (కుడి సగం) రెండిటి వైట్, పయల్ తెచ్చుకో. రంగులు మార్చుకో, లేకపోతే అన్నీ ఒకేలా కనిపించి కళ్ళు తిరుగుతాయి. కరోనల్ వ్యూ (ముఖానికి ఎదురుగా నిలబడి చూసే కోత) పెట్టి పేజ్ అప్, పేజ్ డౌన్ కొడుతూ ముందు మొత్తం మెదడు ఒకసారి ఊరికే చూడు. చెయ్యి కట్టేసుకుని చూడు. మొదటి తప్పు కనబడగానే చెరపడం మొదలెడితే పదో స్లైసులో దానికి తాతలాంటి తప్పు కనిపిస్తుంది, అప్పుడు చేసిన పనంతా దండగ. ఎందుకో కింద చెప్తా.

అన్నట్టు, తెర మీద ఎడమ పక్కన కనిపించేది మామూలుగా మెదడు కుడి సగం. డాక్టరు ఎదురుగా నిలబడి రోగిని చూసినట్టు. అనుమానమొస్తే ఆర్‌హెచ్ గీత ముందున్న టిక్ తీసి చూడు, ఏ పక్క మాయమైతే అదే కుడి.

ఇక చెరపడం. ఎడమ ప్యానెల్ జాబితాలో బ్రెయిన్‌మాస్క్‌ను ఎంచుకుని ఉన్నావా? ఇది రెండుసార్లు చూసుకో. బ్రష్ ఎప్పుడూ ఎంచుకున్న లేయర్ మీదే పడుతుంది. టీ1 ఎంచుకుని గంటసేపు చెరిపి "ఏం మారలేదేంటి" అని ఏడ్చేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. తర్వాత వోక్సెల్ ఎడిట్ తెరిచి "రీకాన్ ఎడిటింగ్" అన్న గడిలో టిక్ పెట్టు, బ్రష్ సైజు 2 లేదా 3 చెయ్యి. షిఫ్ట్ నొక్కిపట్టి ఎడమ క్లిక్‌తో రుద్దితే చెరుగుతుంది. తప్పు చేస్తే కంట్రోల్ జెడ్. అది కూడా దాటిపోతే క్లోన్ బ్రష్ తీసుకుని, రిఫరెన్స్‌గా టీ1 పెట్టి, పోయినచోట పూసుకో. అసలు బొమ్మ అక్కణ్ణించి వచ్చేస్తుంది.

ఆ టిక్ చిన్నదే, దాని వెనక తెలివి మాత్రం నాకు భలే ఇష్టం. టిక్ పెట్టి చెరిపిన గడిలో సున్నా పడదు, 1 పడుతుంది. సున్నా అయితే "అక్కడ ముందునుంచే ఏమీ లేదు" అని. 1 అయితే "ఒక మనిషి కావాలని తీశాడు" అని. మళ్ళీ నడిపించినప్పుడు రీకాన్-ఆల్ ఆ 1ని గౌరవించి ముట్టుకోదు. వైట్ మ్యాటర్ ఫైలులో (డబ్ల్యూఎమ్) నువ్వు కలిపిన గడికి 255 పడేదీ ఇందుకే. టిక్ మర్చిపోతే నీ కష్టం నిలుస్తుందన్న భరోసా లేదు.

డ్యూరాను ఒక స్లైసులో చెరిపి ఊరుకోకు. అది పొర కదా, పక్క స్లైసుల్లోకీ పాకి ఉంటుంది. మధ్యలో ఒక్కటి వదిలేసినా వల ఆ సందులోంచి మళ్ళీ బయటికి పోతుంది. ఎర్రగీతకీ కార్టెక్స్‌కీ మధ్య ఉన్నది తీసెయ్, గ్రే మ్యాటర్‌ను మాత్రం కొరక్కు. కరోనల్‌లో అయ్యాక శాజిటల్ (పక్కనుంచి), ఆక్సియల్ (అడ్డంగా) కోతలు తిప్పి చూడు, ఒక వ్యూలో నున్నగా కనిపించింది ఇంకోదానిలో అక్కడక్కడా పళ్ళూడిన దువ్వెనలా ఉంటుంది. సేవ్ చేసి, రీకాన్-ఆల్‌కి ఎస్ అని సబ్జెక్టు (ఆ స్కాన్ తాలూకు మనిషి) ఫోల్డర్ పేరిచ్చి, ఆటోరీకాన్-పయల్ తగిలించు. మొదటినుంచీ ఆల్ ఇవ్వకు, రాత్రంతా పోతుంది.

ఇప్పుడు ఆ తాతలాంటి తప్పు సంగతి. పసుపుగీతే తప్పిందనుకో. వైట్ మ్యాటర్ ఇంకా ఉండగానే గీత లోపలికి ముడుచుకుపోయింది. అందరూ వెంటనే డబ్ల్యూఎమ్ ఫైలు తెరిచి రంగు పూసేస్తారు. ఆగు! ముందు అక్కడ క్లిక్ చేసి, కింద కర్సర్ పెట్టెలో బ్రెయిన్‌మాస్క్ విలువ చూడు. వెలుతురు సమం చేశాక వైట్ మ్యాటర్ 110 ఉండాలి. ఆ చోట ఏ 90 దగ్గరో ఉంటే రోగం వెలుతురుది, మందు కంట్రోల్ పాయింట్లు. 110 ఉండి కూడా వదిలేసి ఉంటే అప్పుడు డబ్ల్యూఎమ్‌లో పుయ్యి.

కంట్రోల్ పాయింటంటే "ఇది ఖాయంగా వైట్ మ్యాటర్, దీన్ని 110 చెయ్యి, చుట్టుపక్కల కూడా ఆ లెక్కన సర్దు" అని చెప్పడం. అందుకే దాన్ని అంచు మీద పెట్టకూడదు, గ్రే మ్యాటర్‌లో అసలు పెట్టకూడదు. పెట్టావా, గ్రే కూడా తెల్లబడి పసుపుగీత బయటికి ఉబ్బుతుంది, కార్టెక్స్ మందం తగ్గినట్టు కొలత వస్తుంది. ఆ కొలతే నీ థీసిస్ కదరా! ఖాయంగా వైట్ అయ్యుండి విలువ తగ్గినచోట పెట్టు. నాలుగు చాలు, అదీ ఒకేచోట గుత్తిగా కాదు, స్లైసుల మీద విడివిడిగా. న్యూ పాయింట్ సెట్‌లో కంట్రోల్ పాయింట్స్ అని ఎంచుకుని, సబ్జెక్టు ఫోల్డర్‌లో టీఎమ్‌పీ కింద కంట్రోల్ డాట్ డ్యాట్ అన్న పేరుతోనే దాచాలి. ఇంకో పేరు పెడితే అది చదవదు, చదవలేదని చెప్పదు కూడా. తర్వాత ఆటోరీకాన్2-సీపీ, ఆటోరీకాన్3. పూసింది డబ్ల్యూఎమ్ అయితే ఆటోరీకాన్2-డబ్ల్యూఎమ్, ఆటోరీకాన్3.

మెదడు ముక్కే తెగిపోయి ఉంటే అది ఇంకా పై మెట్టు, పుర్రె ఒలిచేది. అక్కడ ఎంతవరకు ఒలవాలో చెప్పే డబ్ల్యూఎస్‌థ్రెష్ ఆప్షన్ మామూలుగా 25. మెదడు పోతే పెంచు, 35 పెట్టి చూడు. పుర్రె మిగిలితే తగ్గించు. కానీ దానితోపాటు ఇచ్చే క్లీన్-బీఎమ్ ఆప్షన్ ఉంది చూశావా, అది బ్రెయిన్‌మాస్క్‌లో నువ్వు చేత్తో చేసినదంతా తుడిచేస్తుంది. ఇందుకే ముందంతా చూడమన్నది. వరస ఎప్పుడూ పైనుంచి కిందికి: పుర్రె, కంట్రోల్ పాయింట్లు, డబ్ల్యూఎమ్, చివరికి డ్యూరా. చాలాసార్లు పైది దిద్దితే కిందిది దానంతటదే పోతుంది. 14వ నంబర్ గోడ!

అబ్బ, చెయ్యి నొప్పి. మిగతావి గబగబా. నీది విండోస్ ల్యాప్‌టాప్ కదా, విండోస్‌లోనే లినక్స్ నడిపించే డబ్ల్యూఎస్ఎల్2లో ఉబుంటు పెట్టుకుని ఫ్రీసర్ఫర్ అందులో వేసుకో. ఈమెయిలుకి ఉచితంగా పంపే లైసెన్స్ ఫైలు లేకపోతే రీకాన్-ఆల్ నడవదు. సబ్జెక్టులను ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ మీద పెట్టి నడపకు. 7వ వెర్షన్‌లో ఎల్‌హెచ్ పయల్ అన్నది అసలు ఫైలు కాదు, ఎల్‌హెచ్ పయల్ టీ1 అన్నదానికి లింకు. ఎక్స్‌ఫ్యాట్‌లో లింకులు కుదరవు, గంటల తరబడి నడిచాక అక్కడ కూలబడుతుంది. ఫోల్డర్ పేర్లలో ఖాళీలు వద్దు. "రఘు ఫైనల్ కొత్తది నిజంగా ఫైనల్" అని పెడతావని నాకు తెలుసు.

స్కాన్ సీడీలో పది సిరీస్‌లుంటాయి. నీక్కావలసింది ఒక మిల్లీమీటరు త్రీడీ టీ1 మాత్రమే. అయిదు మిల్లీమీటర్ల మందం స్లైసులు మామూలు రీకాన్-ఆల్‌కి ఇస్తే వల అల్లుతుంది కానీ దాన్ని నమ్మడానికుండదు, అక్కడ ఎడిటింగ్ కూడా ఆదుకోదు. ఎంచుకున్న సిరీస్‌లో ఏదో ఒక్క డైకామ్ ఫైలు (స్కానర్ ఇచ్చే బొమ్మ ఫైలు) చూపిస్తే చాలు, మిగతావి అదే వెతుక్కుంటుంది. ఆ డైకామ్‌లలో రోగి పేరు, పుట్టినతేదీ ఉంటాయి, ఎవరికీ పంపకు. నాకు కూడా. స్క్రీన్‌షాట్ చాలు.

రోగుల స్కాన్‌ల మీద చెయ్యి తిప్పుకోకు. ఫ్రీసర్ఫర్‌తోపాటే బెర్ట్ అని ఒక నమూనా సబ్జెక్టు వస్తుంది, మంచి గీత ఎలా ఉంటుందో వాడి దగ్గర చూడు. వాళ్ళ ట్యుటోరియల్ డేటాలో పయల్ ఎడిట్స్ బిఫోర్, పయల్ ఎడిట్స్ ఆఫ్టర్ అని జంటలున్నాయి. బిఫోర్ నువ్వు దిద్ది, ఆఫ్టర్‌తో పోల్చుకో. నువ్వు వాళ్ళకంటే రెండింతలు చెరిపి ఉంటావు, పందెం. ఒకటి రెండు వోక్సెళ్ళ వంకరను ముట్టుకోకపోవడమే మంచిది. ఏ స్లైసులో ఏం చేశావో, ఎందుకు చేశావో ఒక నోట్‌బుక్‌లో రాసుకో, నెల తర్వాత నీ ఎడిట్ నీకే

గుర్తుండదు అని రాయబోతున్నా, వాచ్‌మన్ తాళాలగుత్తి ఊపుతూ గుమ్మంలో నిలబడ్డాడు. టోపోలజీ డిఫెక్ట్‌ల సంగతి, అదే వలలో పడే గారె చిల్లుల సంగతి, వచ్చే ఉత్తరంలో. ముందు పసుపుగీత దగ్గర నంబరు ఎంతుందో చూసి రాయి. 46 రూపాయలు కూడా పంపు.

నీ
శీను