నీడ కనిపిస్తే క్షయేనా?

సంపాదకులు గారికి,

అయ్యా,

పది రోజుల కిందట మీ పత్రిక జిల్లా పేజీలో క్షయరహిత పంచాయతీలకు ప్రశంసాపత్రాలు ఇచ్చిన ఫోటో వేశారు. సర్పంచుల చేతుల్లో గాంధీగారి ప్రతిమలు, వెనక వరుసలో అధికారులు. ఆ రోజే రాద్దామని కూర్చున్నాను. కోపంలో రాస్తే మర్యాద తప్పుతుందేమోనని ఆగాను. పది రోజులైనా కోపం తగ్గలేదు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ఆ పంచాయతీలవాళ్ల కష్టాన్ని తక్కువ చేయను. వెయ్యి జనాభాకు 30 మందికి తగ్గకుండా పరీక్షలు చేయించాలి, వెయ్యికి ఒక కేసు మించకూడదు అన్నవి అందులో ముఖ్యమైన షరతులు. కళ్లె పట్టే డబ్బాలు చేతబట్టుకుని ఎండలో ఇంటింటికీ తిరిగిన ఆశా కార్యకర్తలకు దండం పెడతాను. నేనడిగేది వేరే. ఒక మనిషికి నెలల తరబడి దగ్గు ఉంది, బరువు తగ్గాడు, పరీక్షలో క్షయ లేదని తేలింది. మరి అతనికి ఉన్నదేమిటి? అది చూడాల్సిన బాధ్యత ఎవరిది? క్షయ లెక్కలో లేని రోగి ఇక ఎవరి లెక్కలోనూ ఉండడు. అంతకన్నా ఘోరం ఇంకొకటుంది. కళ్లెలో క్రిమి లేకపోయినా, ఎక్స్‌రేలో నీడ ఉంది కదా అని క్షయ మందులు మొదలుపెట్టి ఆరు నెలలు గడిపేస్తారు. మా ఇంట్లో జరిగింది ఇదే.

మా తమ్ముడు లారీ డ్రైవరు. ముప్పై ఏళ్లు మదనపల్లె మార్కెట్ నుంచి టమోటా లోడ్లు తోలాడు. బీడీ అలవాటు ఉంది, దాచను. నిరుడు శ్రావణంలో, వేరే జిల్లాలో కూతురి దగ్గర ఉన్నప్పుడు దగ్గు పట్టుకుంది. కళ్లెలో నెత్తురు జీర కనబడేసరికి అక్కడి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లారు. ఊరి పేరు, ఆసుపత్రి పేరు రాయను. రాస్తే వాడు తిరిగి రాడు, పైగా అక్కడి చిన్న ఉద్యోగి ఎవరి మెడకో చుట్టుకుంటుంది. కళ్లె పరీక్షలో క్రిమి లేదు. క్షయ క్రిమి జన్యువును వెతికి పట్టే సీబీనాట్ మిషన్లో పెట్టినా లేదు. ఎక్స్‌రేలో మాత్రం ఎడమ ఊపిరితిత్తి పైభాగంలో నిమ్మకాయంత నీడ. క్షయ అని చీటీ రాసి మందులిచ్చారు.

రోజూ పరగడుపున మాత్రలు మింగాడు. ఒక్క పూట తప్పలేదు. మూత్రం నారింజ రంగులో వస్తుంటే "మందు పనిచేస్తా ఉందన్నా" అని ఫోన్లో చెప్పేవాడు. క్షయ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ వేసుకుంటే ఎవరికైనా ఆ రంగే వస్తుందని వాడికి చెప్పినవాళ్లు లేరు, నాకూ అప్పుడు తెలియదు. పోషణకని నెలకు వెయ్యి రూపాయలు కూడా బ్యాంకులో పడ్డాయి. రెండు నెలలకు మళ్లీ ఎక్స్‌రే తీశారు. నీడ తగ్గలేదు. ఇంకా నాలుగు నెలల కోర్సు ఉంది కదా, వాడండి అన్నారు. నాలుగో నెలలో గొంతు బొంగురుపోయింది. వేళ్ల చివర్లు ఉబ్బి గోళ్లు గుండ్రంగా వంగిపోయాయి. ఆరో నెలకల్లా ఎడమ భుజం నొప్పితో రాత్రుళ్లు గోడకానుకుని కూర్చునేవాడు. ఇంత జరుగుతున్నా కోర్సు పూర్తయిందని కార్డు మీద రాసిచ్చారు.

అప్పుడు నేనే బెంగళూరు తీసుకెళ్లాను. సీటీ స్కాన్ చేసి, సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారు. ఊపిరితిత్తుల క్యాన్సర్. అక్కడి సర్జన్ మూడు ఎక్స్‌రే ఫిల్ములూ తేదీల వరసన లైటు పెట్టె మీద పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. మొదటి ఫిల్ము మీద వేలు పెట్టి, "ఈ రోజున వచ్చి ఉంటే ఊపిరితిత్తిలో ఈ పై భాగం వరకు కోసి తీసేసే అవకాశం ఉండేదేమో. ఇప్పుడు వెన్నెముక దాకా పాకింది, ఆపరేషన్ చేసి లాభం లేదు" అన్నారు. మా తమ్ముడు ఆ బొంగురు గొంతుతోనే అడిగాడు: "అయితే నాకు టీబీ లేదా సార్?" వైశాఖంలో పోయాడు.

వాడు పోయాక ఈ విషయాలు దొరికినంత మేర చదివాను. చదివేకొద్దీ బాధ పెరిగింది. 1933లోనే అమెరికాలో ఇవార్ట్స్ గ్రాహం అనే సర్జన్, క్యాన్సర్ వచ్చిన ఒక వైద్యుడి ఊపిరితిత్తిని మొత్తంగా తీసేశారు. ఆ రోగి మిగిలిన ఒక్క ఊపిరితిత్తితో ముప్పై ఏళ్ల దాకా బతికాడు. విపరీతంగా సిగరెట్లు కాల్చిన గ్రాహంగారు 1957లో అదే జబ్బుతో ఆ రోగికన్నా ముందే పోయారు. ఇప్పుడైతే చాలామందికి మొత్తం తీయనక్కర్లేదు. కుడివైపు మూడు భాగాలు, ఎడమవైపు రెండు, చెడిన భాగం వరకే తీస్తారు. పక్కటెముకల మధ్య చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చేసే పద్ధతులు వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. అయితే ఇదంతా గడ్డ ఉన్నచోటే ఉన్నంతవరకే. అందుకే ఆ ఆరు నెలలకు అంత విలువ.

మాది ఆరోగ్యవరం పక్క పల్లె. 1915 నుంచి క్షయ రోగులను ఆదుకున్న శానిటోరియం నీడలో పెరిగినవాళ్లం. క్షయకు మందే లేని ఆ కాలంలో డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ అక్కడ ఉండి, ఛాతీలోకి గాలి ఎక్కించి ఊపిరితిత్తిని ముడిచి దానికి విశ్రాంతినిచ్చే చికిత్స చేసేవారని మా పెద్దవాళ్లు చెప్పేవారు. ఇక్కడికి కొన్ని గంటల ప్రయాణంలో, తమిళనాడులో ఉన్న వెల్లూరులో రీవ్ బెట్స్ అనే అమెరికన్ డాక్టరు 1948లోనే ఛాతీ శస్త్రచికిత్సల విభాగం పెట్టారు. ఇలాంటి నేల మీద పుట్టి, ఒక నీడను చూసి అది క్షయా గడ్డా అని తేల్చేవాళ్లు అందక మనిషిని పోగొట్టుకున్నాం. చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది.

ఛాతీ ఆపరేషన్ అంటే క్యాన్సరొక్కటే కాదు. మా వీధిలో తొమ్మిదేళ్ల పిల్లవాడికి న్యుమోనియా తర్వాత ఛాతీలో చీము పట్టింది. గొట్టం వేసి నీళ్ల సీసాకు కలిపారు. వాడు దగ్గినప్పుడల్లా సీసాలో గుడగుడమని బుడగలు. వాళ్లమ్మ ఒక చేత్తో బిడ్డను, ఒక చేత్తో సీసాను పట్టుకుని, సీసా నడుము కన్నా పైకి లేవకుండా వంగి వంగి మరుగుదొడ్డికి నడిపించేది. పైకెత్తితే నీళ్లు ఛాతీలోకి పోతాయని సిస్టరమ్మ భయపెట్టిందట. అలా యాభై రోజులు. చీము గట్టిపడి ఊపిరితిత్తి చుట్టూ మందపాటి తోలులా పట్టేసింది, ఇక గొట్టంతో వచ్చేది కాదు. చివరికి బంగారం కుదువ పెట్టి వెల్లూరు తీసుకెళ్తే ఆ పొర ఒలిచేశారు, ఊపిరితిత్తి మళ్లీ విచ్చుకుంది. ఇప్పుడు వాడు బడికి పరుగెత్తుతున్నాడు. ఆ పొర ఒలిచే ఆపరేషన్ వందేళ్ల పైబడిన పాతది. దానికోసం ఒక తల్లి రాష్ట్రం దాటాలా? గొర్రెలూ కుక్కలూ కలిసి తిరిగే మా రాయలసీమ పల్లెల్లో కుక్కల నుంచి సోకే పురుగు వల్ల ఊపిరితిత్తుల్లో నీటితిత్తులు వస్తాయి, వాటికీ చాలాసార్లు కత్తే దిక్కు. రొమ్ముటెముక వెనక పెరిగే గడ్డలకూ అంతే.

ఈ పని చేసేవాళ్లు ఎందుకు దొరకరని ఒక పెద్ద డాక్టర్ను అడిగాను. మన దేశంలో గుండె, ఛాతీ, రక్తనాళాలు మూడూ ఎక్కువగా ఒకే చదువులో ఉంటాయి, చదివినవారిలో ఎక్కువమంది గుండె వైపు పోతారు అన్నారు. వాళ్లను తప్పు పట్టను. గుండె ఆపరేషన్‌కు యంత్రాలున్నాయి, పేరుంది, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పటి నుంచి పేదవాడికీ అది అందింది. ఊపిరితిత్తులవాళ్ల పక్షాన అడిగేవాళ్లే లేరు. దగ్గేవాళ్లలో కూలీలు, డ్రైవర్లు, రాతి క్వారీల్లో దుమ్ము మింగినవాళ్లు, కట్టెల పొయ్యి పొగ మింగిన ఆడవాళ్లే ఎక్కువ. వాళ్లు కలెక్టరాఫీసు మెట్లెక్కి అడగరు.

నేను ఎక్కాను. సోమవారం అర్జీల రోజున ఈ సంగతంతా నాలుగు పేజీలు రాసి, ఫిల్ముల ఫోటోలు జతచేసి ఇచ్చాను. పన్నెండో రోజున ఫోనుకు మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడినది అని. నాతో ఎవరూ మాట్లాడలేదు, ఎవరూ ఇంటికి రాలేదు. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ని. జవాబు రాయకుండా మార్కులు వేసుకునే ఈ పద్ధతి ఏ బడిలో నేర్చుకున్నారో వాళ్లే చెప్పాలి. దరఖాస్తు ఎక్కడ పెట్టినా ఇదే వరస. రోడ్డు గుంతకూ అదే మెసేజ్, మనిషి ప్రాణానికీ అదే మెసేజ్.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. కళ్లెలో, సీబీనాట్‌లో క్రిమి దొరకని మనిషికి కేవలం నీడను చూసి క్షయ మందులు పెడితే, ముఖ్యంగా నలభై దాటినవాడైతే, బీడీ తాగేవాడైతే, రెండు నెలల ఎక్స్‌రేలో నీడ తగ్గకపోయిన రోజునే సీటీ స్కాన్‌కు, ముక్క పరీక్షకు పంపాలి. ఇంకా నాలుగు నెలలు ఆగమనడానికి వీల్లేకుండా ఉత్తర్వు ఇవ్వాలి. రెండు నెలలకు తిరిగి చూడడం క్షయ కార్యక్రమంలో ఇప్పటికే ఉన్నదే, కొత్తగా ఖర్చేమీ లేదు. చూసినదాన్ని బట్టి కదలాలి, అంతే. రెండోది, రాయలసీమలో కనీసం ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో గుండెతో ముడిపెట్టకుండా ఊపిరితిత్తుల ఆపరేషన్లకే వారంలో రెండు రోజులు థియేటరు కేటాయించాలి. మీ విలేకరులు ఈసారి ప్రతిమల ఫోటోతో పాటు ఆ రెండు నెలల ఎక్స్‌రేల తర్వాత ఎంతమందిని స్కాన్‌కు పంపారో కూడా అధికారులను అడిగి అచ్చు వేయాలని నా మనవి.

మా తమ్ముడి ఫిల్ములు మూడూ తేదీలతో సహా నా దగ్గర ఉన్నాయి. క్షయ నివారణ అధికారులు ఎవరైనా చూస్తామంటే బస్సెక్కి తెచ్చి బల్ల మీద పెడతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
మదనపల్లె