మూకీ దర్శకులను ఇంతలా మర్చిపోవాలా?

సంపాదకులకు నమస్కారం,

మొన్న మా ఇంట్లో పిల్లలు తెలుగు సినిమా మొదలైంది 1932 నాటి మాటల సినిమా 'భక్త ప్రహ్లాద'తోనే అని వాదిస్తుంటే నాకు ఉండబట్టలేదు. దానికి పదేళ్ల ముందే, 1921లో, తెలుగు సినిమా పితామహుడు రఘుపతి వెంకయ్య గారి కొడుకు ఆర్. ప్రకాశ్ మద్రాసులో 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారు, మూకీ, అంటే మాటల్లేని సినిమా. తండ్రి పేరు మీద ప్రభుత్వ అవార్డు ఉంది, సంతోషం, కానీ కెమెరా వెనక నిలబడిన కొడుకు పేరు ఎంతమందికి తెలుసు?

అంతెందుకు, మన హైదరాబాద్ సంగతే చూడండి. ధీరేన్ గంగూలీ అనే బెంగాలీ ఆయన నిజాం అండతో ఇక్కడే లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి వరసగా మూకీలు తీశారు. 1924లో తన హాల్లో 'రజియా బేగం' సినిమా ఆడించారు, అందులో ముస్లిం రాణికీ హిందువుకీ ప్రేమ, దాంతో నిజాంకు కోపం వచ్చి ఊరు వదిలి పొమ్మన్నారు. అంతే, కంపెనీ మూతపడింది. తర్వాత ఆయనకు ఫాల్కే అవార్డు వచ్చిందనుకోండి, అది వేరే విషయం.

అప్పటి ఫిల్మ్ నైట్రేట్ అనే రసాయన పదార్థంతో చేసింది, ఇట్టే అంటుకుంటుంది, అంటుకోకపోయినా పాడైపోతుంది. పుణెలో పాత సినిమాలు భద్రపరిచే ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టేసరికే 1964 వచ్చింది. 'భీష్మ ప్రతిజ్ఞ' ఇప్పుడు చూద్దామన్నా లేదు.

సినిమా పోయింది సరే, కనీసం పాత పోస్టర్లు, పత్రికల ప్రకటనలు, ఫొటోలు ఎవరి అటకల మీదైనా ఉంటే సేకరించి నగరంలో ఒక గదిలోనైనా పెట్టొచ్చు కదా? మీ ఆదివారం అనుబంధంలో ఈ ఇద్దరి మీద ఒక్క పేజీ వేయండి, ముందు మా పిల్లలకే చదివిస్తాను.

– ఒక పాఠకుడు, అంబర్‌పేట, హైదరాబాద్