ఎలక్ట్రోస్పిన్నింగ్ మెషిన్ ఛాంబర్‌లో తేమ అదుపు లేకపోవడంపై ఫిర్యాదు

సర్వీస్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: క్లైమేట్ కంట్రోల్ ఉందని అమ్మిన మెషిన్‌లో తేమను అదుపు చేసే ఏర్పాటు లేకపోవడం.

అయ్యా,

మీ దగ్గర కొన్న ఎలక్ట్రోస్పిన్నింగ్ మెషిన్‌తో, అంటే ద్రావణాన్ని అధిక వోల్టేజితో సన్నని దారాలుగా లాగే మెషిన్‌తో, మా ల్యాబ్‌లో పాలీవినైల్ ఆల్కహాల్ (నీటిలో కరిగే పాలిమర్) నానోఫైబర్లు, అంటే వెంట్రుక కంటే ఎంతో సన్నని దారాలు, తీస్తున్నాం. వోల్టేజి, ద్రావణం వచ్చే సూదికీ దారాలు పడే కలెక్టర్‌కీ మధ్య దూరం, ఫ్లో రేటు (ద్రావణం వచ్చే వేగం) సెట్ చేస్తే ఎప్పుడు తీసినా ఒకే రకం ఫైబర్ వస్తుందని మీ బ్రోచర్ చెబుతోంది. అలా రావడం లేదు. 15 కిలోవోల్టులు, 15 సెంటీమీటర్లు, గంటకు 0.5 మిల్లీలీటర్లు. వీటిలో ఏదీ మార్చకపోయినా, గాలి పొడిగా ఉన్న రోజు ద్రావణం సూది మొన దగ్గరే ఎండి అడ్డుపడుతోంది. ముసురు పట్టిన రోజు దారాలు తడి ఆరకుండానే కలెక్టర్ మీద పడి ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి.

మీ ఇంజనీరు వచ్చి ద్రావణం గాఢతే తప్పని తేల్చేసి వెళ్లారు. గాఢత తక్కువైతే పాలిమర్ గొలుసుల మధ్య చాలినంత చిక్కు పడక దారాల మీద పూసల్లాంటి ఉండలు వస్తాయి, నిజమే. మాకు వస్తున్నవి పూసలు కావు, అతుకులు. పైగా గదిలో డీహ్యూమిడిఫయర్ పెట్టగానే అదే సీసాలోని ద్రావణం నుంచి దారాలు విడివిడిగా వచ్చాయి. మరి తప్పు ద్రావణానిదెలా అవుతుంది?

టేలర్ కోన్ (సూది మొన దగ్గర శంకువులా సాగిన ద్రావణపు బొట్టు) కొస నుంచి బయలుదేరిన జెట్, అంటే సన్నని ద్రావణపు ధార, కలెక్టర్‌ను చేరడానికి పట్టేది క్షణంలో చిన్న భాగం. ఆ కాస్త సమయంలోనే అది మెలికలు తిరుగుతూ సాగి సన్నబడాలి, అందులోని నీరు ఆవిరైపోవాలి. ఎంత త్వరగా ఆరుతుందో చుట్టూ ఉన్న గాలిలోని తేమను బట్టి ఉంటుంది. త్వరగా ఆవిరయ్యే సాల్వెంట్‌లో కరిగించిన పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్‌తో ఫైబర్లు తీసేవారికి తేమ ఎక్కువైతే ఫైబర్ పైన రంధ్రాలు పడతాయి. ఈ రంగంలో మెషిన్లు అమ్మేవారికి ఇది తెలియని సంగతి కాదు.

కొటేషన్‌లో మీరు క్లైమేట్ కంట్రోల్ అని రాసింది ఒక హీటర్ మాత్రమే. తేమ సెన్సర్ లేదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ గదిలోని గాలినే నేరుగా లోపలికి లాగుతోంది. మాన్యువల్‌లో తేమ ఊసే లేదు.

ఈ ఫైబర్లలో మందు నింపి అది ఎంత వేగంగా బయటికొస్తుందో మా విద్యార్థులు కొలుస్తున్నారు. ఫైబర్ మందం మారితే ఆ వేగమూ మారుతుంది. ఒక బ్యాచ్‌ను ఇంకో బ్యాచ్‌తో పోల్చలేక వాళ్ల థీసిస్ పని ఆగిపోయింది. వాళ్ల టెన్షన్ రోజూ చూస్తున్నాను, అది నన్ను చాలా బాధిస్తోంది.

తేమ సెన్సర్, తేమను అదుపు చేసే డ్రై ఎయిర్ లైన్ మీ ఖర్చుతో అమర్చండి. కుదరకపోతే మెషిన్ వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వండి. రెండింటిలో ఏది చేస్తారో 15 రోజుల్లో రాతపూర్వకంగా తెలపండి. మా ఫైబర్ల మైక్రోస్కోప్ చిత్రాలు, ఏ రోజు తేమ ఎంతుందో రాసుకున్న పట్టిక జతచేస్తున్నాను.

ఇట్లు,
ల్యాబ్ ఇన్‌చార్జి