తొట్టెల చీరకు కలరా ఉండల వాసన తగలనివ్వొద్దు

అయ్యా,

గద్వాల చీరైనా, పోచంపల్లి చీరైనా మడతల నడుమ నాలుగు కలరా ఉండలు వేయందే మన ఇళ్లలో నిమ్మళం ఉండదు. బీరువా తెరవగానే గుప్పుమనే ఆ వాసన నాఫ్తలీన్ ఆవిరి. గోలీ అంత ఉండ కొన్నాళ్లకు శనగగింజంత అయిందంటే, తరిగినదంతా బట్టకు పట్టింది, గదిలో గాలికి చేరింది. మే నెల ఎండకు నల్లగొండలో ఇనుప బీరువా కాలిపోతుంటే ఇది మరీ తొందరగా జరుగుతుంది.

పెద్దవాళ్లకు తలనొప్పి, వికారంతో సరిపోవచ్చు. అసలు ముప్పు పసిగుడ్డుకు. తొట్టెల కట్టడానికి, బిడ్డను చుట్టడానికి మెత్తగా ఉంటుందని బీరువా అడుగున దాచిన పాత చీరే తీస్తారు. ఎర్ర రక్తకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన బిడ్డకు ఆ ఆవిరి తగిలితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. రెండు మూడు రోజుల్లో కళ్లు పచ్చబడతాయి, మూత్రం డికాషన్ రంగుకు మారుతుంది. కామెర్లు ముదిరితే మెదడు దెబ్బతింటుంది. ఈ లోపం మగపిల్లల్లో ఎక్కువ, రక్తపరీక్ష చేస్తే తప్ప తెలియదు. బిడ్డ కళ్లు పచ్చబడితే పసరు పోయించడానికి ఊళ్లు తిరగొద్దు. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లి, ఇంట్లో కలరా ఉండలు వాడుతున్నామని డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. అడగకపోయినా చెప్పాలి.

బిడ్డ బట్టలున్న చోట ఉండలు అసలే వద్దు. దాచిన చీర వాడక తప్పకపోతే ఒక రోజంతా ఎండలో, గాలిలో ఆరేసి, సబ్బుతో ఉతికి, మళ్లీ ఆరబెట్టాలి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏమాత్రం వాసన వచ్చినా పక్కన పెట్టేయాలి. పురుగు ముందు చేరేది చెమట, నూనె మరకలున్న బట్టకే. శుభ్రంచేసి పూర్తిగా ఆరిన పట్టుచీరను నూలుగుడ్డలో చుట్టి, ఎండిన వేపాకు మూట పక్కన పెట్టి, మూణ్నెల్లకోసారి నీడన ఆరేసి మడత మార్చితే చాలు.

పిల్లలు తెల్లటి బిళ్ల మింగితే మిగిలిన ముక్కను గ్లాసు నీళ్లలో వేసి చూడండి. కర్పూరం తేలుతుంది, కలరా ఉండ మునుగుతుంది. రెండూ విషమే. కర్పూరంతో పావుగంటలోనే ఫిట్స్ రావచ్చు, అందుకే వాంతి చేయించకూడదు. పాలు కూడా పట్టించొద్దు, కొవ్వుతో నాఫ్తలీన్ ఒంట్లోకి ఇంకా త్వరగా చేరుతుంది. వెంటనే 108కి ఫోన్ చేసి, మిగిలిన ముక్కను వెంట తీసుకెళ్లాలి.

పిల్లులున్న ఇళ్లవారు ఫినాయిల్‌తో మరింత జాగ్రత్తపడాలి. నల్ల ఫినాయిల్‌లో ఉండే ఫినాల్ జాతి రసాయనాలను విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తెల్లదాంట్లోని పైన్ ఆయిల్ కూడా దానికి పడదు. తడినేల మీద నడిచి పాదాలు నాకుతుంది. చొంగ కారడం, నాలుక పుండ్లు పడటం, తూలడం కనిపిస్తే పాదాలను గోరువెచ్చని నీళ్లతో, మామూలు సబ్బుతో కడిగి పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి. డబ్బా మీద రాసిన కొలతే కలపాలి. తుడిచాక మామూలు నీళ్లతో ఇంకోసారి తుడిచి, నేల ఆరాకే పిల్లిని రానివ్వాలి. పంజరంలో పక్షులుంటే ఊదుబత్తి, దోమల చుట్ట ఆ గదిలో వెలిగించకూడదు, వాటి ఊపిరి మనకంటే చాలా సున్నితం. తలుపులు బిగించి నిప్పుల మీద వేసే సాంబ్రాణితో బాలింతకూ బిడ్డకూ కార్బన్ మోనాక్సైడ్ ముప్పుంది.

వీధుల్లో బండ్ల మీద కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి, ఏ చీటీ లేకుండా అమ్మే ఫినాయిల్‌ను మున్సిపాలిటీలు ఆపించాలి. దాహంతో పిల్లలు తాగేది ఆ సీసాలే. ఆశా కార్యకర్తలు బాలింతల ఇంటికి వెళ్లినప్పుడు తల్లిపాల సంగతితోపాటు తొట్టెల చీర ఎక్కడిదో కూడా అడగాలని జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత పశువైద్యుడు, మిర్యాలగూడ